పిండి పెట్టినందుకే ఎంజైమ్ వచ్చిందా? మీ ల్యాబ్‌లో మీరే తేల్చుకోవడం ఎలా

అయోడిన్ పోస్తే నీలంగా మారిన పిండి ప్లేటు, దాని మధ్యలో తెల్లటి వలయం. ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు ఫోన్లో నాకు ముందుగా చూపించే ఫొటో ఇదే. "పిండి వేశామండి, అమైలేస్ వచ్చిందండి" అంటారు. అమైలేస్ అంటే పిండిని తెంచే ఎంజైమ్. గ్లూకోజ్ వేసిన ప్లేటు ఏది, ఏమీ వేయని ప్లేటు ఏది అని అడుగుతాను. చాలామంది దగ్గర ఉండవు. ఆ రెండూ లేకపోతే పిండి వల్ల ఎంజైమ్ వచ్చిందో, పిండి లేకపోయినా వచ్చేదేనో చెప్పడానికి లేదు.

ఆ తేడాను విశాఖలో దొరికే సరుకుతో, మామూలు పీజీ ల్యాబ్ సామానుతో మూడు నాలుగు వారాల్లో ఎలా తేల్చుకోవాలో రాస్తున్నాను. ఇది ఇంట్లో చేసే పని కాదు. ఆటోక్లేవ్, ఫ్యూమ్ హుడ్, పక్కన చూసుకునే పెద్దవాళ్లు ఉన్న చోటే చేయండి.

ముందు లోపల ఏం జరుగుతుందో

పిండి, సెల్యులోజ్, కైటిన్, అగార్ అన్నీ చక్కెర అణువులు వందలు వేలుగా గొలుసు కట్టినవే. వీటినే పాలీశాకరైడ్‌లు అంటారు. ఈ.కోలై అనే బాక్టీరియా బయటి పొరలోని రంధ్రాల్లోంచి సుమారు 600 డాల్టన్లు (అణువు బరువు కొలత) దాటినవి దూరవు. అంటే గట్టిగా మూడు చక్కెరల ముక్క. అంతకంటే పెద్ద గొలుసును తినాలంటే బాక్టీరియా వంట బయటే చేసుకోవాలి. ఎంజైమ్‌ను బయటికి వదిలి, అక్కడే ముక్కలు చేయించి, ఆ ముక్కల్ని లోపలికి లాక్కుంటుంది.

మరి బయట కైటిన్ ఉందని లోపలి జన్యువుకి ఎవరు చెప్తారు? చాలా బాక్టీరియా ఎప్పుడూ కాస్తకాస్త ఎంజైమ్‌ను వదులుతూనే ఉంటాయి. ఆ కాస్త ఎంజైమ్ గొలుసును కొరికినప్పుడు రాలే చిన్న ముక్కే కబురు. సెల్యులోజ్ నుంచి సెల్లోబయోజ్, కైటిన్ నుంచి కైటోబయోజ్, అగార్ నుంచి నియోఅగారో ముక్కలు అలా వస్తాయి. కబురు అందాక అసలు ఉత్పత్తి మొదలవుతుంది.

దీనికి తోడు ఒక బ్రేకు కూడా ఉంది. అనకాపల్లి బెల్లం అచ్చు చేతిలో ఉండగా చెరకు గడ ఎవరు నములుతారు? గ్లూకోజ్ దొరికినంత సేపూ చాలా బాక్టీరియా పాలీశాకరైడ్‌లను తెంచే ఎంజైమ్‌ల జోలికి పెద్దగా పోవు. రెండు చక్కెరలు కలిపి ఇస్తే ఒకటి అయ్యాకే రెండోది ముట్టుకుంటుందని 1940ల తొలినాళ్లలోనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాక్ మోనో చూపించాడు. మట్టిలో ఉండే బాసిల్లస్ అనే బాక్టీరియాలో ఈ బ్రేకు పని సీసీపీఏ అనే ప్రొటీన్‌ది. అది జన్యువు ముందు కూర్చుని చదవనివ్వదు. ఈ.కోలైలో సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు తగ్గడం ద్వారా అదే పని జరుగుతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బాసిల్లస్ సబ్టిలిస్ అమైలేస్‌కి పిండి కబురు అవసరమే లేదు. గ్లూకోజ్ అయిపోయి పెరుగుదల నెమ్మదించే వేళకి దానంతట అదే మొదలవుతుంది. పిండి ప్లేటు మీద వలయం చూసి "పిండి ప్రేరేపించింది" అని రాస్తే అది తప్పు. అక్కడ గ్లూకోజ్ లేదు, అంతే. కబురు వెళ్లిందా, లేక బ్రేకు మాత్రమే వదిలిందా అన్న ప్రశ్న చివరి దాకా మనసులో ఉంచుకోండి.

బాక్టీరియా ఎక్కడ పట్టాలి

మొదటిసారి చేస్తుంటే చండీగఢ్‌లోని బాక్టీరియా కల్చర్ల భాండారం ఎంటీసీసీ నుంచి బాసిల్లస్ సబ్టిలిస్ ఒకటి తెప్పించుకోండి. ఎలా ప్రవర్తిస్తుందో ముందే తెలిసిన కల్చర్ పక్కన ఉంటే మీరు పట్టిన కొత్తది ఎక్కడ తేడాగా ఉందో తెలుస్తుంది.

మట్టి బాసిల్లస్‌లు కావాలంటే గంజి పారబోసే చోట గుప్పెడు మట్టి చాలు. గ్రాము మట్టిని 10 మి.లీ. స్టెరైల్ నీళ్లలో కలిపి 80 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచండి. స్పోరులు (వేడిని తట్టుకునే గింజల్లాంటి రూపాలు) కట్టినవి మిగులుతాయి, మిగతావి పోతాయి. కంబాలకొండలో తవ్వకండి. అది అభయారణ్యం, అనుమతి లేకుండా చిటికెడు మట్టి కూడా తేకూడదు.

విశాఖలో ఉండి సముద్రాన్ని వదిలేస్తే నాకు మాత్రం బాధగా ఉంటుంది. పోటు తగ్గిన వేళ తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరికి వెళ్తే పచ్చటి ఉల్వా, ఎర్రటి గ్రాసిలేరియా నాచులు కనబడతాయి. గ్రాసిలేరియా గోడలోనే అగార్ ఉంటుంది కాబట్టి దాన్ని తినేవాళ్లూ దాని ఒంటి మీదే కాపురం ఉంటారు. బొటనవేలంత ముక్క స్టెరైల్ సంచిలో వేసి, ఐస్ పెట్టెలో పెట్టి, ఆ పూటే ల్యాబ్‌కి చేర్చండి. స్టెరైల్ సముద్రపు నీటితో రెండుసార్లు కడిగి, దూదిపుల్లతో పైపైన రుద్ది, ఆ దూదిని పలచన చేసి పరవండి. అగార్ తినే కాలనీని గుర్తుపట్టడానికి రంగు కూడా అక్కర్లేదు, అది ప్లేటులో గుంట చేసుకుని కూర్చుంటుంది.

కైటిన్ రొయ్య తొక్కలో ఉంటుంది, దాని కోసం ఫిషింగ్ హార్బర్‌లో తొక్కలు అడగండి. కొన్ని తొక్కల్ని తడి ఇసుకలో పది రోజులు కుళ్లబెట్టండి. తొక్క తినే బాక్టీరియా వాటంతట అవే పెరుగుతాయి. ఆ వాసనకి పక్క డిపార్టుమెంటు వాళ్లు ఫిర్యాదు చేస్తారు, ముందే చెప్పి ఉంచండి. ఇంకో హెచ్చరిక: సముద్రం నుంచి, రొయ్యల నుంచి వచ్చే వాటిలో విబ్రియో అనే బాక్టీరియా ఎక్కువ, వాటిలో మనిషికి జబ్బు చేసేవీ ఉన్నాయి. గ్లౌజులు తీయకండి, నోటితో పిపెట్ పట్టకండి, చేతికి కోతలు ఉంటే ఆ రోజు పని మానేయండి.

మీడియా కలపడం

లీటరు నీళ్లకి పెప్టోన్ 5 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 1 గ్రాము, ఉప్పు 5 గ్రాములు, డైపొటాషియం ఫాస్ఫేట్ 3 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 0.2 గ్రాములు కలిపి పీహెచ్ 7 దగ్గర పెట్టండి. సముద్రపు కల్చర్లకైతే మూడొంతుల వడకట్టిన సముద్రపు నీరు, ఒక వంతు డిస్టిల్డ్ వాటర్ తీసుకుని, ఉప్పు మానేసి, ఫాస్ఫేట్ 0.1 గ్రాముకి తగ్గించండి. తగ్గించకపోతే కాల్షియంతో కలిసి తెల్లగా అడుక్కి దిగిపోతుంది. ప్లేట్లకి 1.5 శాతం అగార్ చేర్చండి. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఎక్కువైతే తేడాలన్నీ మసకబారతాయి, ఇక్కడ ఉదారత వద్దు.

పిండిని నేరుగా వేడి మీడియాలో వేస్తే ఉండలు కడుతుంది. రాగి అంబలి కాచేటప్పుడు ఇంట్లో ఏం చేస్తారో అదే చేయండి. 10 గ్రాముల సాల్యుబుల్ స్టార్చ్ చల్లటి నీళ్లలో జారుగా కలిపి, మరుగుతున్న నీళ్లలో తిప్పుతూ పోయండి. సీఎంసీకి (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, నీళ్లలో కరిగేలా మార్చిన సెల్యులోజ్) కొంచెం ఓపిక కావాలి. తిరుగుతున్న నీళ్ల మీద చిటికెలు చిటికెలుగా చల్లాలి, ఒకేసారి వేస్తే పైన జిగురు కట్టి లోపల పొడి అలాగే ఉండిపోతుంది. గ్లూకోజ్‌ను మాత్రం విడిగా స్టెరిలైజ్ చేసి తర్వాత కలపండి. పెప్టోన్‌తో కలిపి 121 డిగ్రీల దగ్గర ఉంచితే గోధుమరంగు తిరుగుతుంది.

కైటిన్ పొడి ఉన్నదున్నట్టు వేస్తే వలయం సరిగా కనబడదు. కొలాయిడల్ కైటిన్, అంటే నీళ్లలో సన్నగా చెదిరి ఉండే కైటిన్ చేసుకోవాలి. ఫ్యూమ్ హుడ్‌లో 5 గ్రాముల కైటిన్ పొడిని 60 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొంచెం కొంచెంగా కలిపి, రాత్రంతా ఫ్రిజ్ చల్లదనంలో ఉంచండి. మర్నాడు లీటరు ఐస్ నీళ్లలో గబగబా తిప్పుతూ పోస్తే పాలు విరిగినట్టు తెల్లగా తేలుతుంది. పీహెచ్ 7 వచ్చేదాకా కడగాలి. ఈ కడగడానికే సగం రోజు పోతుంది. తొందరపడి ఆమ్లం మిగిల్చేస్తే ప్లేటు మీద ఏదీ మొలవదు.

ప్లేట్ల దశ

ప్రతి ప్లేటులో సరిగ్గా 20 మి.లీ. పోయండి. మందం మారితే వలయం సైజు మారుతుంది. ఒక్కో బాక్టీరియాని ఒకే పరిమాణం చుక్కగా నాలుగు ప్లేట్ల మీద పెట్టండి: పిండి ఒక్కటే, పిండితో పాటు 1 శాతం గ్లూకోజ్, పిండి బదులు సీఎంసీ, చివరిది ఏ చక్కెరా లేనిది. నాలుగోదాని మీద వలయం చూడలేరు కదా అనకండి. అక్కడ కాలనీ ఎంత పెరిగిందో చూడ్డానికే అది. విశాఖ ఉక్కలో మూత లోపల నీళ్లు పడతాయి, ప్లేట్లు బోర్లించి 30 డిగ్రీల దగ్గర ఉంచండి.

రెండు రోజుల తర్వాత పిండి ప్లేట్ల మీద అయోడిన్ ద్రావణం పోయండి. పిండి ఉన్న చోట ముదురు నీలం, తిన్న చోట తెలుపు, అంచున ఒక్కోసారి ఎర్రటి గీత. ఆ ఎర్రది సగం తెగిన డెక్స్‌ట్రిన్‌లు. సీఎంసీకి 0.1 శాతం కాంగో రెడ్ 15 నిమిషాలు ఉంచి, 1 మోలార్ ఉప్పునీటితో ఇంకో 15 నిమిషాలు కడగండి. ఎర్రటి నేల మీద పసుపు వలయం తేలుతుంది. కాలనీ చుట్టూ నీలం తిరిగితే ఎంజైమ్ అనుకోకండి, కాంగో రెడ్ ఆమ్లంలో నీలమవుతుంది. కైటిన్ ప్లేటుకి రంగు అక్కర్లేదు గానీ నాలుగు నుంచి ఏడు రోజుల దాకా ఆగాలి.

అయోడిన్ పోసిన కాలనీ బతకదు. నేను ఈ పనికి కొత్తలో, అన్నిటికంటే పెద్ద వలయం ఇచ్చిన కాలనీకి కాపీ తీసుకోకుండానే అయోడిన్ పోసేశాను. ఫొటో మిగిలింది, బాక్టీరియా పోయింది. అంచేత ముందు స్లాంట్ (వాలుగా గడ్డకట్టిన అగార్ ఉన్న గొట్టం) మీదికి ఎక్కించి తర్వాతే రంగు పోయండి.

వలయం వ్యాసాన్ని కాలనీ వ్యాసంతో భాగించి అంకె రాసుకోండి. అది ఎవరిని ముందుకు తీసుకెళ్లాలో తేల్చుకోవడానికే పనికొస్తుంది. చిన్న ఎంజైమ్ అగార్‌లో దూరం పోతుంది, పెద్దది పోదు. వలయం పెద్దదైనంత మాత్రాన ఎక్కువ వదిలిందని కాదు.

ఫ్లాస్కులు: అసలు ప్రయోగం

250 మి.లీ. ఫ్లాస్కుల్లో 50 మి.లీ. చొప్పున ఐదు రకాలు, ఒక్కోటి మూడేసి. మొదటిది ఏ చక్కెరా లేనిది, రెండోది 1 శాతం గ్లూకోజ్, మూడోది 1 శాతం పిండి, నాలుగోది పిండి, గ్లూకోజ్ రెండూ, ఐదోది గ్లిసరాల్. గ్లిసరాల్ ఎందుకంటే, బాక్టీరియాకి తిండి దొరకాలి గానీ అది పాలీశాకరైడూ కాకూడదు, గ్లూకోజంత గట్టి బ్రేకూ వేయకూడదు. పిండి ఫ్లాస్కులో ఎంజైమ్ పెరిగి గ్లిసరాల్‌లోనూ అంతే పెరిగితే అది పిండి గొప్పతనం కాదు.

రాత్రి పెంచిన కల్చర్‌ను ఉప్పునీటితో కడిగి, అన్నింటిలో ఒకే మోతాదు వేసి షేకర్ మీద పెట్టండి. 6, 12, 24, 48 గంటలకు 2 మి.లీ. చొప్పున తీయండి. 4 డిగ్రీల దగ్గర 10,000 జీ వేగంలో 10 నిమిషాలు తిప్పితే పైన తేట ద్రవం సూపర్‌నాటెంట్, కింద కణాల ముద్ద పెల్లెట్. పైది బయటికి వదిలింది. పెల్లెట్‌ను పారేయకండి. దాన్ని కడిగి, శబ్ద తరంగాలతో కణాల్ని పగలగొట్టే సోనికేటర్ ఉంటే దానితో, బాసిల్లస్ అయితే కణం గోడను కరిగించే లైసోజైమ్‌తోనైనా పగలగొట్టి అందులోనూ ఎంజైమ్ కొలవండి. తయారై లోపలే ఉండిపోయిందా, బయటికి వెళ్లిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. ప్రాజెక్టు పేరులో "స్రావం" అని ఉండి పెల్లెట్ కొలవకపోతే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

ప్రతిసారీ పీహెచ్ కూడా రాసుకోండి. గ్లూకోజ్ తిన్న బాసిల్లస్ ఆమ్లాలు వదులుతుంది, పీహెచ్ బాగా పడిపోతే ఎంజైమ్ చచ్చిపోతుంది. మీరు దాన్ని బ్రేకు ఖాతాలో రాసేస్తారు.

కొలత

అమైలేస్‌కి డీఎన్ఎస్ పద్ధతి చాలు. డీఎన్ఎస్ అంటే డైనైట్రోసాలిసిలిక్ ఆమ్లం, పిండి తెగి వచ్చిన చక్కెరతో కలిపి మరిగిస్తే ఎర్రబడుతుంది. 0.5 మి.లీ. సూపర్‌నాటెంట్, 6.9 పీహెచ్ ఫాస్ఫేట్ బఫర్‌లో కలిపిన 1 శాతం పిండి 0.5 మి.లీ., 37 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు. తర్వాత 1 మి.లీ. డీఎన్ఎస్ వేసి మరిగే నీళ్లలో 5 నిమిషాలు. చల్లార్చి 10 మి.లీ. నీళ్లు కలిపి 540 నానోమీటర్ల దగ్గర చదవండి. ఈ పద్ధతి మిల్లర్ 1959లో రాసినది, ఇన్నేళ్లయినా ల్యాబుల్లో నడుస్తూనే ఉంది.

దీనికో పెద్ద లోపం. డీఎన్ఎస్‌కి ఏ చక్కెర ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. గ్లూకోజ్ ఫ్లాస్కులో మిగిలిన గ్లూకోజ్ కూడా ఎర్రగా రంగు చూపిస్తుంది. తొలిసారి చేసినవాళ్లకి గ్లూకోజ్ ఫ్లాస్కులోనే ఎంజైమ్ ఎక్కువ ఉన్నట్టు తేలి తల తిరిగేది ఇందుకే. సూపర్‌నాటెంట్‌ను డయాలిసిస్ గొట్టంలో పోసి చల్లటి బఫర్‌లో రాత్రంతా ఉంచండి. గ్లూకోజ్ బయటికి పోతుంది, ఎంజైమ్ లోపలే ఉంటుంది. ప్రతి శాంపిల్‌కి సున్నా నిమిషాల బ్లాంక్ కూడా పెట్టండి. ముందు డీఎన్ఎస్ వేసి తర్వాత ఎంజైమ్ వేస్తే అదే.

డయాలిసిస్ గొట్టం లేకపోయినా, కలరీమీటర్ పాడైనా బెంగపడకండి. పిండి అగార్‌లో 6 మి.మీ. గుంటలు తవ్వి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టిన సూపర్‌నాటెంట్ 50 మైక్రోలీటర్లు పోసి, కొన్ని గంటల తర్వాత అయోడిన్ పోయండి. మిగిలిన గ్లూకోజ్ ఇక్కడ అడ్డురాదు. నా మటుకు నాకు ఈ గుంటల పద్ధతి మీదే నమ్మకం ఎక్కువ.

ఇక లెక్క. 0.5 మి.లీ. శాంపిల్ 10 నిమిషాల్లో 1.71 మిల్లీగ్రాముల మాల్టోజ్‌కి సమానమైన చక్కెర వదిలిందనుకోండి. 1710 మైక్రోగ్రాములను 342తో భాగిస్తే 5 మైక్రోమోల్స్. దాన్ని 10 నిమిషాలతో, 0.5 మి.లీ.తో భాగిస్తే మి.లీ.కి 1 యూనిట్.

ఇక్కడ ఆగిపోవద్దు, దాన్ని పెరుగుదలతో భాగించాలి. పిండి ఫ్లాస్కులో 1 యూనిట్, ఓడీ (ద్రవం ఎంత మసకబారిందో, అంటే ఎంత పెరిగిందో చెప్పే అంకె) 2 అనుకోండి. చక్కెర లేని ఫ్లాస్కులో అర యూనిట్, ఓడీ 1. రెంటిలోనూ కణానికి వచ్చేది ఒకటే. అంటే పిండి బాక్టీరియా సంఖ్యను పెంచిందే గానీ ఒక్కో బాక్టీరియా చేత ఎక్కువ వదిలించలేదు. పిండి మీడియా తనంతట తానే మసకగా ఉంటుంది కాబట్టి దాని ఓడీని నమ్మకండి. పలచన చేసి ప్లేటు మీద కాలనీలు లెక్కపెట్టండి, లేదా కడిగిన పెల్లెట్‌లో ప్రొటీన్ కొలవండి.

అంకెలు మోసం చేసే చోట్లు

కైటిన్, సెల్యులోజ్ లాంటి కరగని వాటితో చేస్తే ఎంజైమ్ వాటికే అతుక్కుపోతుంది. చాలా సెల్యులేస్‌లకి, కైటినేస్‌లకి గొలుసును పట్టుకునే చెయ్యి లాంటి భాగం ఒకటి ఉంటుంది. సెంట్రిఫ్యూజ్ చేస్తే అది పెల్లెట్‌తో పాటు కిందికి పోతుంది, సూపర్‌నాటెంట్‌లో తక్కువ చూపిస్తుంది. ఎంత పోయిందో ఇలా తెలుసుకోండి: పనిచేసే సూపర్‌నాటెంట్‌ను ముందు కొలిచి, తాజా స్టెరైల్ కైటిన్‌తో కలిపి, ఐస్ మీద అరగంట ఉంచి, మళ్లీ తిప్పి, మిగిలింది కొలవండి. తగ్గినంతా అతుక్కున్నదే.

సీఎంసీ చిక్కగా ఉంటుంది. చిక్కటి ద్రవంలో గాలి సరిగా కలవదు, గాలి తగ్గితే ఎంజైమూ తగ్గొచ్చు. తక్కువ చిక్కదనం ఉన్న రకం తెప్పించండి.

48 గంటల శాంపిల్‌లో కణాలు పగిలి లోపలి సరుకు బయటికి కారుతుంది. దాన్ని స్రావం అనుకోకూడదు. ఎప్పుడూ లోపలే ఉండే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజనేస్ సూపర్‌నాటెంట్‌లో కనబడుతోందేమో 340 నానోమీటర్ల దగ్గర చూడండి. కనబడిందంటే ఆ గంట అంకెలు పక్కన పెట్టండి.

తయారీయా, విడుదలా?

ఇది అందరూ చేయరు, చేస్తే మాత్రం ప్రాజెక్టు స్థాయి మారుతుంది. చక్కెర లేని మీడియాలో పెంచిన కణాల్ని కడిగి మూడు గొట్టాల్లో పోయండి. మొదటిదానికి ఏమీ వద్దు. రెండోదానికి పాలీశాకరైడ్. మూడోదానికి పాలీశాకరైడ్‌తో పాటు మి.లీ.కి 100 మైక్రోగ్రాముల క్లోరాంఫెనికాల్. ఈ మందు కొత్త ప్రొటీన్ తయారీని ఆపేస్తుంది. మీ బాక్టీరియా దానికి లొంగుతుందో లేదో ముందే చూసుకోండి. అరగంటకోసారి రెండు గంటల పాటు సూపర్‌నాటెంట్ కొలవండి. రెండోది పెరిగి మూడోది పెరగకపోతే పాలీశాకరైడ్ కొత్తగా తయారు చేయించింది. మూడూ ఒకేలా పెరిగితే కణంలో ముందే ఉన్నది మెల్లగా బయటపడుతోంది, పాలీశాకరైడ్‌కి పాత్ర లేదు.

సెల్యులోజ్, కైటిన్ తినేవాటికి ఇంకో గొట్టం కలపండి. సెల్లోబయోజ్ లేదా కైటోబయోజ్ 0.05 శాతం. చిన్న ముక్కే కబురు అయితే పాలీశాకరైడ్ కంటే అదే ముందుగా ఎంజైమ్‌ను లేపుతుంది. అదే ముక్క 1 శాతం ఇచ్చి చూడండి, చాలా బాక్టీరియాలో అది మళ్లీ బ్రేకు దగ్గరికే చేరుతుంది.

రాసేటప్పుడు, సర్దేటప్పుడు

ఫ్లాస్కుల ఫలితాన్ని ఇలా చదవండి. కణానికి లెక్కగట్టినా పిండి ఫ్లాస్కు గ్లిసరాల్, ఖాళీ ఫ్లాస్కుల కంటే బాగా ఎక్కువ ఉండి, గ్లూకోజ్ కలిపితే తగ్గితే ప్రేరణా ఉంది, బ్రేకూ ఉంది. పిండి, గ్లిసరాల్, ఖాళీ మూడూ ఒకే దగ్గర ఉండి గ్లూకోజ్ ఒక్కటే కిందికి లాగితే "గ్లూకోజ్ అణచివేత" అని రాయండి, "పిండి ప్రేరణ" అని రాయకండి. ఎంటీసీసీ బాసిల్లస్ సబ్టిలిస్ ఈ రెండో దారిలోనే రావాలి. రాకపోతే తప్పు మీ మీడియాలోనో కొలతలోనో ఉంది, కొత్త కల్చర్ సంగతి తర్వాత చూద్దురు గాని.

ప్లేట్లు, ఫ్లాస్కులు అన్నీ ఆటోక్లేవ్ చేశాకే పారేయండి. కాంగో రెడ్, ఫీనాల్ కలిసిన డీఎన్ఎస్ సింకులో పోయకండి, విడి సీసాల్లో పోగు చేసి కాలేజీ రసాయన వ్యర్థాలలో కలపండి. మంచి కల్చర్ ఏదైనా పట్టుకుంటే ఫ్రిజ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. స్లాంట్ మీద పెంచి, దాని పై అంచుకి సెంటీమీటరు ఎత్తు మునిగేలా స్టెరైల్ లిక్విడ్ పారఫిన్ పోసి, పేరూ తేదీ రాసి, బీరువాలో నిలబెట్టండి.